ఫ్లెమింగ్ దీపము

అమెరికా దేశపు హోటళ్ళలో ఒకప్పుడు జ్యూక్‌బాక్స్ అను పెద్ద పాటలపెట్టె ఉండెడిది. అందులో చిన్న నాణెము వేసి మీట నొక్కినచో, కోరిన రికార్డు తనంత తానే తిరిగి పాట వినిపించెడిది. 1946లో వుర్లిట్జర్ కంపెనీవారు తయారుచేసిన 1015 అను నమూనాలో 24 రికార్డులు పట్టెడివి. రంగురంగుల దీపములతో మెరయు ఆ పెట్టెలు 50,000కు పైగా అమ్ముడుపోయెను. పెట్టె లోపల ఒక లోహపు పళ్ళెముపై గాజునాళములు వరుసగా నిలిచియుండును. రికార్డుపై తిరుగు ముల్లు పుట్టించు విద్యుత్తు మిక్కిలి స్వల్పమైనది. దానిని పెంచి లౌడ్‌స్పీకరునకు అందించుటయే ఆ నాళముల పని. ఈ అమరికకు ఆంప్లిఫయరు అని పేరు.

పాతవస్తువులపై మక్కువగలవారు నేడును అట్టి పెట్టెలను బాగుచేసికొని వినుచున్నారు. ఎన్నో యేండ్లు మూలబడియున్న పెట్టెకు కరెంటు ఇచ్చినప్పుడు, పాటకంటె ముందుగా జుమ్మను పెద్ద రొద వినవచ్చుట సామాన్యము. తేనెపట్టు కదలినట్లు లేచిన ఆ రొద పాటను పూర్తిగా మింగివేయును. ఈ రొద ఎక్కడిది? దీనిని అణచుటెట్లు? ఈ సంగతి తెలియవలెనన్నచో, అట్టి గాజునాళములన్నిటికిని ఆద్యమైనదానిని నిర్మించిన శాస్త్రజ్ఞుని చరిత్రమును తెలిసికొనవలెను. ఆయన సర్ జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్. లోకమునకు ఇంపైన ధ్వనిని వినిపించు సాధనములకు త్రోవచూపిన ఆ మహనీయునకు చెవులు సరిగా వినబడకపోవుట విధి వైచిత్ర్యము.

ఫ్లెమింగ్ 1849వ సంవత్సరము నవంబరు 29వ తేదీన ఇంగ్లండులోని లాంకాస్టరు పట్టణమున జన్మించెను. తండ్రి జేమ్స్ ఫ్లెమింగ్ క్రైస్తవ మతబోధకుడు. ఏడుగురు బిడ్డలలో జాన్ పెద్దవాడు. అతడు పసివాడుగా ఉన్నప్పుడే ఆ కుటుంబము లండను నగరమునకు తరలిపోయెను. బాలునకు ఆటలకంటె పనిముట్లపై ప్రీతి యెక్కువ. ఇంటిలోనే ఒక చిన్న కార్మికశాలను అమర్చుకొని, నావల నమూనాలను, యంత్రముల నమూనాలను స్వయముగా చేసెడివాడు. ఇంజనీరు కావలెనని అతని కోరిక. కాని ఆ కాలమున ఇంజనీరు విద్య నేర్చుకొనుటకు అధికముగా ధనము చెల్లింపవలసియుండెను. అంత ధనము తండ్రియొద్ద లేదు.

అయినను అతడు అధైర్యపడలేదు. లండనులోని యూనివర్సిటీ కాలేజీలో చేరెను. చదువు నడుమ జీవనముకొరకు ఒక వ్యాపారసంస్థలో గుమాస్తాగా కుదిరి, పగలు లెక్కలు వ్రాయుచు, సాయంకాలము పుస్తకములు పట్టెను. 1870లో పట్టభద్రుడయ్యెను. 1874లో లండను నగరమున భౌతికశాస్త్ర సంఘము స్థాపింపబడినప్పుడు, ఆ సంఘమున చదువబడిన మొట్టమొదటి వ్యాసము ఈ యువకునిదే. వోల్టా కనిపెట్టిన విద్యుద్ఘటము ఆ వ్యాసమునకు విషయము.

అటుపిమ్మట ఆయన చెల్టెన్‌హామ్ పట్టణమున ఉపాధ్యాయుడుగా పనిచేసెను. జీతములో కొంత మిగుల్చుచు 400 పౌనులు కూడబెట్టి, 1877లో మరల విద్యార్థియై కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ప్రవేశించెను. అప్పటికి ఆయన వయస్సు 27 సంవత్సరములు. ఆ వయస్సున ఉద్యోగము విడిచి చదువునకు పోవుటకు కారణము జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ అను మహాశాస్త్రజ్ఞుడు. విద్యుదయస్కాంత సిద్ధాంతమును లోకమునకు ప్రసాదించిన ఆ గురువు అప్పుడు కేంబ్రిడ్జిలో ఉండెను. ఆయన ఉపన్యాసములు మిక్కిలి కఠినమైనవగుటచే వినవచ్చువారు బహుస్వల్పముగా ఉండెడివారు. ఆ కొద్దిమందిలో ఫ్లెమింగ్ ఒకడు. 1879లో మాక్స్‌వెల్ అకాలమరణము చెందెను. ఆయన కడపటి ఉపన్యాసములను వినిన భాగ్యము ఫ్లెమింగునకు దక్కెను.

1882లో ఫ్లెమింగ్ లండనులోని ఎడిసన్ విద్యుద్దీప కంపెనీకి విద్యుత్ నిపుణుడయ్యెను. 1885లో యూనివర్సిటీ కాలేజీవారు ఆయనను విద్యుత్ సాంకేతిక శాస్త్రమునకు ఆచార్యునిగా నియమించిరి. పదవి గొప్పదేగాని పరికరములు శూన్యము. నల్లబల్ల, సుద్దముక్క తప్ప ప్రయోగశాలలో మొదట మరేమియు లేవు. వానితోనే ఆయన పాఠములు ప్రారంభించెను. ఆయన 41 సంవత్సరములు ఆ పదవియందుండి, ప్రయోగశాలను క్రమక్రమముగా పెంచెను. విద్యార్థులు దిక్కులను తారుమారుగా చెప్పుచుండుట చూచి, బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు ఒకదానికొకటి లంబముగా చాచి గుర్తుంచుకొను ఉపాయమును కల్పించెను. ఫ్లెమింగ్ ఎడమచేతి నియమము, కుడిచేతి నియమము అని నేటికిని పాఠశాలలలో బోధింపబడుచున్నవి అవియే. మొదటిది విద్యుత్ మోటారునకు, రెండవది జనరేటరునకు సంబంధించినవి.

ఎడిసన్ కంపెనీలో పనిచేయు కాలముననే ఒక చిన్న వింత ఆయన కంటబడెను. ఆనాటి విద్యుద్దీపములలో బొగ్గుతంతువు ఉండెడిది. కొంతకాలము వెలిగిన పిమ్మట బుడ్డి లోపలివైపు నల్లని మసి పట్టెడిది. కొన్ని బుడ్లలో ఆ మసి నడుమ ఒక సన్నని గీత మాత్రము నిర్మలముగా మిగిలియుండెడిది. తంతువునుండి ఏవో కణములు తిన్నగా బయలుదేరి గాజుపై పడుచున్నవనియు, తంతువు రెండవ కాలు అడ్డుపడినచోట నీడవలె గీత యేర్పడినదనియు ఫ్లెమింగ్ ఊహించెను. ఎడిసన్ కూడ బుడ్డిలో తంతువు ప్రక్కన ఒక లోహపుపలకను అమర్చి చూచియుండెను. పలకను ధనధ్రువమునకు కలిపినచో శూన్యమునందుండి విద్యుత్తు పారెను. ఋణధ్రువమునకు కలిపినచో పారలేదు. ఎడిసన్ దీనిని గుర్తించియు అంతగా పట్టించుకొనలేదు. ఫ్లెమింగ్ మాత్రము ప్రత్యేకముగా బుడ్లు చేయించి, పరీక్షలు జరిపి, ఫలితములను ప్రకటించెను. అప్పటికి ఆ వింతకు ఉపయోగమేమియు కనబడలేదు. బుడ్లు బీరువాలోనికి చేరెను.

ఇట్లుండగా తంతిలేని వార్తల యుగము ఆరంభమయ్యెను. 1899లో ఫ్లెమింగ్ మార్కోనీ కంపెనీకి శాస్త్రవిషయక సలహాదారు అయ్యెను. ఇంగ్లండు పడమటి కొననున్న పోల్డూ అనుచోట నెలకొల్పబడిన మహాశక్తిమంతమైన ప్రసారయంత్రమును రూపొందించుటలో ఆయన పాత్ర ప్రధానమైనది. 1901 డిసెంబరు 12వ తేదీన అక్కడినుండి పంపిన సంకేతమును అట్లాంటిక్ మహాసముద్రమునకు ఆవలి యొడ్డున మార్కోనీ వినెను. లోకమంతయు మార్కోనీని కీర్తించెను. యంత్రమును కూర్చినవాని పేరు ఎవరి నోటను అంతగా వినబడలేదు.

ఆ కాలమున ఇంకొక చిక్కు ఉండెను. గాలిలో తేలివచ్చు తరంగములను పట్టి చూపు సాధనములు నమ్మదగినవిగా లేవు. వానిలో మేలైనదానిని వాడుటకు చెవికి టెలిఫోను తగిలించుకొని సన్నని చప్పుడును వినవలసియుండెను. ఫ్లెమింగునకు వయస్సుతోపాటు వినికిడి తగ్గుచు వచ్చెను. ఆ చప్పుడు ఆయనకు అందదు. చెవికి అందనిదానిని కంటికి చూపవలెనని ఆయన తలంచెను. విద్యుత్తు పారినప్పుడు ముల్లు కదలు గాల్వనామీటరు ఉన్నది గదా! కాని వార్తాతరంగములు పుట్టించు విద్యుత్తు సెకనుకు లక్షలమారులు ముందువెనుకలకు ఊగును. కుడికి త్రోసిన క్షణముననే ఎడమకు లాగుటచే ముల్లు కదలదు. ఊగుచున్న ప్రవాహములో ఒక వైపును మాత్రము పోనిచ్చి, రెండవ వైపును ఆపివేయు ద్వారమొకటి వలయును.

1904వ సంవత్సరము అక్టోబరు మాసమున ఈ విషయమునే తలపోయుచుండగా ఆయనకు బీరువాలోని పాత బుడ్లు జ్ఞప్తికి వచ్చెను. తంతువునుండి పలకకు ఒక దిక్కుననే విద్యుత్తును పోనిచ్చు బుడ్డి తనయొద్దనే ఇన్నియేండ్లుగా ఉన్నది! వెంటనే దానిని బయటికి తీయించి, సహాయకునిచే అమర్పించి చూచెను. గాల్వనామీటరు ముల్లు కదలెను. చెవికి వినబడని సంకేతము కంటికి కనబడెను. కమ్మరి కొలిమితిత్తిలోని రెక్క గాలిని లోనికి రానిచ్చి బయటికి పోనీయనట్లు, ఈ బుడ్డియు విద్యుత్తును ఒకవైపు పోనిచ్చి మరొకవైపు అడ్డగించును. అందుచే ఫ్లెమింగ్ దీనికి వాల్వు అని పేరిడెను. 1904 నవంబరు 16వ తేదీన పేటెంటునకు దరఖాస్తు చేసెను. తంతువునుండి బయలుదేరు కణములు ఎలక్ట్రానులని అప్పటికే శాస్త్రజ్ఞులు తెలిసికొనియుండిరి. ఎలక్ట్రానిక్ శాస్త్రమునకు ఈ వాల్వే తొలిమెట్టు.

తరంగములను పట్టుటకు పుట్టిన ఈ నాళము తరువాత మరియొక పనియందు మిక్కిలి అక్కరకు వచ్చెను. జ్యూక్‌బాక్సులోని రొద సంగతి ఇక్కడ తెలియును. ఇండ్లకు వచ్చు కరెంటు ముందువెనుకలకు ఊగు ఏకాంతర విద్యుత్తు. అది అమెరికాలో సెకనుకు 60 మారులు, మన దేశమున 50 మారులు ఊగును. ఆంప్లిఫయరులోని నాళములు పాటను పెంచవలెనన్నచో వానికి ఒకే దిక్కున సమముగా పారు విద్యుత్తు వలయును. అందుచే పెట్టెలోనికి వచ్చిన కరెంటును మొదట ఫ్లెమింగ్ వాల్వు వంశమునకు చెందిన నాళమొకటి ఏకముఖముగా మార్చును. దీనిని రెక్టిఫయరు అందురు. అందు రెండు పలకలుండుటచే ఊగులోని రెండు సగములును వినియోగపడును.

ఇట్లు ఏకముఖమైన విద్యుత్తు ఇంకను సమముగా పారదు. ఏతపు బాన నీటిని కుమ్మరించినట్లు అమెరికా కరెంటుతో సెకనుకు 120 మారులు ఎగసిపడును. బాన బానగా పడిన నీరు చెరువులో నిండి తూమునుండి ఒకే ధారగా వెలువడునట్లు, ఈ విద్యుత్తునుగూడ నిలువచేసి సమధారగా విడుచుటకు కండెన్సరులు, చోక్ అను తీగచుట్ట అమర్పబడియుండును. కండెన్సరులలో ఒక విధమైన రసాయనము ఉండును. ఏండ్లు గడచినకొలది అది ఎండిపోవును. అప్పుడు చెరువు పూడిపోయినట్లే. కుదుపులు కుదుపులుగానే లౌడ్‌స్పీకరునకు చేరి జుమ్మని మ్రోగును. పాత పెట్టెలలో పెద్ద రొదకు సామాన్యమైన కారణము ఇది.

ఇతర కారణములును కలవు. నాళములోని తంతువును కాల్చు కరెంటు కొంచెము లోపలికి జారినను రొద పుట్టును. అది 60 మారుల మ్రోత యగుటచే మరింత మంద్రముగా వినబడును. ముల్లునుండి వచ్చు తీగపై అల్లిన లోహపు తొడుగు తెగినను, చివరి జంట నాళములలో ఒకటి బలహీనపడినను రొద పెరుగును. కనుక నేర్పరియైన మెకానిక్కు తొందరపడి కంటబడినదానినెల్ల మార్చడు. మొదట ధ్వనిని తగ్గించు మీటను పూర్తిగా త్రిప్పి వినును. రొదయు తగ్గినచో లోపము ముల్లునుండి మీటవరకు గల భాగమున ఉన్నది. తగ్గక అట్లే నిలిచినచో మీటకు తరువాతి భాగమునందో, కరెంటును సమకూర్చు భాగమునందో ఉన్నది. పిమ్మట మొదటి వరుసలోని నాళములను ఒక్కొక్కదానినే తొలగించి వినును. దేనిని తీసినప్పుడు రొద ఆగునో, ఆ నాళమునందో దానికి ముందున్న భాగమునందో దోషమున్నది. ఏది తీసినను ఆగనిచో కండెన్సరులను పరీక్షించి, ఎండినవానిని తొలగించి, అంత సామర్థ్యమే గల క్రొత్తవానిని అమర్చును. కరెంటు ఆపిన తరువాతగూడ కండెన్సరులలో ప్రాణాపాయకరమైన విద్యుత్తు నిలిచియుండవచ్చును. కావున శిక్షణ పొందనివారు ఈ పనికి పూనుకొనరాదు. ఒక్కసారి ఒక్క ప్రశ్ననే అడిగి, దాని సమాధానము తెలిసిన పిమ్మటనే రెండవదానికి పోవు ఈ పద్ధతియే ఫ్లెమింగ్ తన బుడ్లయెడ అనుసరించిన పద్ధతి.

వాల్వు పుట్టిన కొలదికాలమునకే దానికొక వారసుడు వచ్చెను. అమెరికాలో లీ డి ఫారెస్ట్ అను శాస్త్రజ్ఞుడు తంతువునకును పలకకును నడుమ జల్లెడవంటి మూడవ తీగను చేర్చి, 1907లో పేటెంటుకొరకు దరఖాస్తు చేసెను. ఈ మూడవ తీగవలననే స్వల్పమైన విద్యుత్తును పెంచుట సాధ్యమయ్యెను. ఆంప్లిఫయరునకు ఇదియే మూలము. కాని తన వాల్వును ఆధారముగా గొని, తన పేరు చెప్పలేదని ఫ్లెమింగ్ మిక్కిలి ఖేదపడెను. ఇరువురికిని తీరని వైరమేర్పడెను. వ్యవహారము న్యాయస్థానములకు ఎక్కెను. 1916లో అమెరికా న్యాయస్థానము, డి ఫారెస్టు నాళము ఫ్లెమింగ్ పేటెంటును అతిక్రమించినదని తీర్పు చెప్పెను. మూడవ తీగపై హక్కు డి ఫారెస్టుదే యని కూడ నిర్ణయించెను. దానివలన ఒకరి అనుమతి లేక మరొకరు ఆ నాళమును తయారుచేయుటకు వీలులేకపోయెను. తుదకు 1943లో, ఫ్లెమింగ్ వయస్సు 93 సంవత్సరములైనప్పుడు, అమెరికా సుప్రీంకోర్టు ఆయన పేటెంటు చెల్లదని తీర్మానించెను. ఆ హక్కులు ఆయనవి కాక మార్కోనీ కంపెనీవి. పేటెంటు చెల్లకపోయినను, ఆ వాల్వు చేయు పని మాత్రము చెల్లుబడియగుచునే యుండెను. ఆనాడు కరెంటుపై నడచు రేడియోలలోను, పాటలపెట్టెలలోను అట్టి నాళము వెలుగుచుండెను.

ఫ్లెమింగ్ 1926లో ఆచార్యపదవినుండి విరమించి, సిడ్‌మౌత్ అను సముద్రతీర పట్టణమున స్థిరపడెను. 1929లో ప్రభుత్వము ఆయనకు సర్ బిరుదమునిచ్చి గౌరవించెను. మొదటి భార్య క్లారా 1917లో గతించెను. 1933లో, తన 83వ యేట, ఆలివ్ ఫ్రాంక్స్ అను గాయనిని ఆయన వివాహమాడెను. చెవులు మందగించిన ఆ వృద్ధుని గృహమున సంగీతము కాపురముండెను. 1930 మొదలు టెలివిజన్ సంఘమునకు అధ్యక్షుడై క్రొత్తశాస్త్రమును ప్రోత్సహించెను. 1874లో తొలివ్యాసము చదివిన భౌతికశాస్త్ర సంఘమునకు, 65 సంవత్సరముల తరువాత, 1939లో తన కడపటి వ్యాసమును సమర్పించెను. 1945 ఏప్రిల్ 18వ తేదీన, 95 సంవత్సరముల నిండుజీవితము గడపి స్వర్గస్థుడయ్యెను.

నేడు గాజువాల్వుల స్థానమును అర్ధవాహకములతో చేసిన చిన్న డయోడులు ఆక్రమించినవి. బియ్యపుగింజకంటె చిన్నవైన అవి సెల్‌ఫోను చార్జరులో సైతము ఒదిగియుండి, ఫ్లెమింగ్ వాల్వు చేసిన పనినే చేయుచున్నవి. మసిపట్టిన బుడ్డిలో ఒక నిర్మలమైన గీతను చూచినవారు ఆనాడు ఎందరో ఉండిరి. దానికి కారణమేమని అడిగి, వెంటనే ప్రయోజనము కనబడకున్నను ఆ బుడ్డిని పారవేయక దాచియుంచినవాడు ఫ్లెమింగ్. తన చెవుల లోపమునకు వగచుచు కూర్చుండక, ఆ లోపమే చూపిన త్రోవను పట్టి నడచినవాడును ఆయనయే. విద్యార్థులు తమకు నేడు అర్థముకాని విషయమును నిరుపయోగమని త్రోసివేయరాదు. దానిని శ్రద్ధగా పరిశీలించి జ్ఞాపకముంచుకొనవలెను; అది అక్కరకు వచ్చు దినము తప్పక రాగలదు.